వర్క్‌బెంచ్‌లో క్లిక్ చేసి కట్టిన డేటాబేస్‌కి మళ్లీ చేత్తో స్క్రిప్టు రాయాలా?

ప్రశ్న

నమస్తే అండీ. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. ఒక లైబ్రరీ అప్లికేషన్‌కి డేటాబేస్ తయారుచేసే పని మొదటిసారి పూర్తిగా నాకే అప్పగించారు. సభ్యులు, పుస్తకాలు, కాపీలు, ఎవరికి ఏ కాపీ ఇచ్చాం, జరిమానాలు, ఇలా మొత్తం 14 టేబుళ్లు. మైఎస్‌క్యూఎల్ వర్క్‌బెంచ్ (బొమ్మలతో డేటాబేస్ డిజైన్ చేసే టూల్) తెరిచి డయాగ్రామ్ వేసి, టేబుళ్ల మధ్య గీతలు కలిపి, ఆ బొమ్మని అసలు టేబుళ్లుగా మార్చే ఫార్వర్డ్ ఇంజనీర్ నొక్కాను. ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. ఆ డయాగ్రామ్ ప్రింటు తీసి సీటు పక్కన అంటించుకున్నాను కూడా.

తర్వాత రెండు వారాల్లో చిన్న చిన్న మార్పులు వచ్చాయి. ఓ కాలమ్ కలపడం, ఇంకోదాని సైజు పెంచడం, వెతకడం త్వరగా అయ్యేలా ఎక్కడో ఇండెక్స్ పెట్టడం. డయాగ్రామ్ జోలికి పోకుండా నేరుగా టేబుల్ మీద రైట్ క్లిక్ చేసి, ఆల్టర్ టేబుల్ తెరిచి, అప్లై కొట్టేశాను. ఎన్ని మార్పులు చేశానో ఇప్పుడు అడిగితే చెప్పలేను.

నిన్న మా టీమ్ లీడ్ చూసి "టేబుళ్లు బాగానే ఉన్నాయి, స్క్రిప్టులేవి?" అన్నారు. అంటే టేబుళ్లు తయారుచేసే ఎస్‌క్యూఎల్ ఆదేశాలు రాసిన ఫైళ్లు. డయాగ్రామ్ నుంచి వర్క్‌బెంచ్ తీసిచ్చిన ఫైలు పంపాను. టెస్ట్ సర్వర్‌లో ఉన్నది మరియాడీబీ, మైఎస్‌క్యూఎల్ నుంచే విడిపోయిన ఇంకో డేటాబేస్. అక్కడ రన్ చేస్తే విజిబుల్ అనే మాట దగ్గర సింటాక్స్ ఎర్రర్ వచ్చి ఆగిపోయింది. ఫైలు మొదట్లో ఓల్డ్ యూనిక్ చెక్స్, ఓల్డ్ ఫారిన్ కీ చెక్స్ అంటూ ఏవేవో లైన్లున్నాయి. అవేమిటని అడిగితే నేను నోరు మెదపలేదు. "నువ్వు రాయనిది నీకెలా అర్థమవుతుంది? చేత్తో రాసి తీసుకురా" అన్నారు.

టూల్ ఉండగా 14 క్రియేట్ టేబుళ్లు టైప్ చేయడమంటే కాలిక్యులేటర్ చేతిలో పెట్టుకుని ఎక్కాలు అప్పజెప్పినట్టుంది నాకు. అనుభవం ఉన్నవాళ్లు నిజంగా అలాగే చేస్తారా? లేక ఇది పాతకాలపు పట్టుదలా? కోపంతో అడగడం లేదండీ, టెన్షన్‌తో అడుగుతున్నాను. శుక్రవారంలోగా ఇవ్వాలి.

జవాబు 1

శుక్రవారం అంటున్నారు కాబట్టి ముందు విజిబుల్ సంగతి తేల్చేద్దాం. మైఎస్‌క్యూఎల్ 8.0లో ఇండెక్స్‌ను తీసేయకుండానే పక్కకి దాచి చూసే సౌకర్యం వచ్చింది. అందుకే వర్క్‌బెంచ్ ప్రతి ఇండెక్స్ చివరా విజిబుల్ అని రాసేస్తుంది. మరియాడీబీకి ఆ మాట తెలియదు. మోడల్ ఆప్షన్లలో టార్గెట్ వెర్షన్ 5.7 అని మార్చి స్క్రిప్టు మళ్లీ తీయండి, పోతుంది. మొదట్లో ఉన్న ఓల్డ్ లైన్లకి భయపడక్కర్లేదు. టేబుళ్లు తయారయ్యేంతసేపూ ఫారిన్ కీ (ఇంకో టేబుల్‌లోని రికార్డుని చూపించే కాలమ్) చెకింగ్ ఆపి, ఫైలు చివర్లో పాత సెట్టింగు తిరిగి పెట్టడానికి ముందుగా దాచుకుంటుంది, అంతే.

ఇక అసలు ప్రశ్న. నేను పదిహేడేళ్లుగా డేటాబేస్ పనే చేస్తున్నాను. పొద్దున తెరిచిన గ్రాఫికల్ టూల్ సాయంత్రం దాకా మూయను. కానీ దానితో టేబుల్ తయారుచేయను. ఎందుకో చెప్పేముందు మీ ఫైలు తెరిచి రెండు చోట్ల చూడండి.

మొదటిది, వార్‌చార్ 45, అంటే 45 అక్షరాల దాకా పట్టే కాలమ్. వర్క్‌బెంచ్‌లో కొత్త కాలమ్ పేరు కొట్టగానే దాని రకం వార్‌చార్ 45 అని అదే పడిపోతుంది. మీకు తెలియని ఏదైనా డేటాబేస్ తెరిచినప్పుడు అడ్రస్ 45, ఈమెయిల్ 45, పుస్తకం పేరు 45 అని వరసగా కనిపిస్తే అది ఎక్కడ పుట్టిందో కళ్లు మూసుకుని చెప్పొచ్చు. ఆ 45 ఎవరూ ఆలోచించి పెట్టింది కాదు. ఎవరూ మార్చలేదు కాబట్టి ఉండిపోయింది. పుస్తకాల పేర్లు 45 అక్షరాల్లో ఇముడుతాయా? ఉపశీర్షిక ఉన్న పుస్తకం ఒక్కటి తీసి లెక్కపెట్టండి.

రెండోది మీరు కలిపిన గీతలు. వర్క్‌బెంచ్ పక్కపట్టీలో ఒకటికి అనేకం అనే సంబంధానికి రెండు బొమ్మలుంటాయి, ఒకటి చుక్కల గీత, ఒకటి నిండు గీత. చూడ్డానికి నిండు గీతే గట్టిగా కనిపిస్తుంది గనక కొత్తవాళ్లు అదే లాగుతారు. నేనూ లాగాను. నిండు గీతకి అర్థం వేరు. తల్లి టేబుల్ కీ పిల్ల టేబుల్‌కి వచ్చి ఊరికే ఫారిన్ కీగా కూర్చోదు, దాని ప్రైమరీ కీలో (ప్రతి రికార్డునూ విడిగా గుర్తుపట్టే కీ) కూడా చేరిపోతుంది. పుస్తకాలు ఇచ్చే టేబుల్‌కి ప్రైమరీ కీ ఒక్క ఐడీయేనా, లేక సభ్యుడి ఐడీ, కాపీ ఐడీ కూడా అందులో దూరాయా, చూసి చెప్పండి. ఆ టేబుల్ నుంచి ఇంకోదానికి మళ్లీ నిండు గీతే లాగితే ఆ మూటంతా అక్కడికి కూడా వెళ్తుంది.

చేత్తో రాస్తే ఈ తప్పులు జరగవని అనను. కానీ రాసేటప్పుడు ప్రతి కాలమ్ దగ్గరా చెయ్యి ఆగుతుంది. ఇది ఖాళీగా ఉండొచ్చా? ఎంత పొడవు? సభ్యుణ్ని తీసేస్తే అతని జరిమానాలేమవ్వాలి? టైప్ చేయాలంటే ఏదో ఒకటి నిర్ణయించుకోక తప్పదు. టిక్ బాక్స్ మిమ్మల్ని ఏమీ అడగదు. మీరు ముట్టకపోతే అది ఎలా ఉందో అలాగే డేటాబేస్‌లోకి వెళ్లిపోతుంది.

నాకు బుద్ధి వచ్చింది మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ దగ్గర. ఉద్యోగంలో నాలుగో ఏడు. ఆర్డర్ల టేబుల్‌లో 60 లక్షల రికార్డులు. డిస్కౌంట్ కోడ్ అని కొత్త కాలమ్ కావాలన్నారు. దాని గ్రాఫికల్ టూల్ మేనేజ్‌మెంట్ స్టూడియోలో టేబుల్ డిజైన్ తెరిచి, ధర పక్కనే ఉంటే చూడ్డానికి బాగుంటుందని మధ్యలో ఇన్సర్ట్ చేశాను. సేవ్ నొక్కితే ఒప్పుకోలేదు. ఈ మార్పు చేయాలంటే టేబుల్‌ను డ్రాప్ చేసి (పూర్తిగా తీసేసి) మళ్లీ తయారుచేయాలి, కుదరదు అంది. ఆప్షన్లలోకి వెళ్లి ఆ అడ్డు టిక్ తీసేశాను. మళ్లీ సేవ్ నొక్కితే 30 సెకన్లకి టైమవుట్ అయి ఆగింది. ఆ టైమవుట్ కూడా పెంచాను. నాలాంటివాణ్ని ఆపడానికి పాపం ఆ టూల్ ఇంకేం చేయగలదు?

లోపల ఏం జరిగిందో తర్వాత తెలిసింది. ముందు టీఎంపీ ఆర్డర్స్ అని కొత్త టేబుల్ తయారుచేసింది. పాత టేబుల్‌ను ఎవరూ ముట్టకుండా మొత్తం లాక్ చేసి, 60 లక్షల రికార్డులూ కొత్తదాంట్లోకి కాపీ చేసింది. పాతదాన్ని డ్రాప్ చేసి, కొత్తదానికి ఆ పేరు పెట్టి, ఇండెక్సులూ ఫారిన్ కీలూ మొదటినుంచి కట్టింది. ఇదంతా ప్రొడక్షన్‌లో, అంటే జనం నిజంగా వాడుతున్న సర్వర్‌లో, పట్టపగలు. ఆర్డర్ తీసుకునే ప్రతి స్క్రీనూ తిరుగుతూనే ఉండిపోయింది. మధ్యలో ఆపుదామంటే రోల్‌బ్యాక్‌కి (చేసినదంతా వెనక్కి తీయడానికి) ఇంకెంతసేపు పడుతుందో అని భయం. నలభై నిమిషాలు ఆ విండో వంక చూస్తూ కూర్చున్నాను. ఫోన్ మోగుతూనే ఉంది, తీయలేదు.

అదే పనికి ఆల్టర్ టేబుల్ ఆర్డర్స్ యాడ్ డిస్కౌంట్ కోడ్ వార్‌చార్ 20 నల్ అని ఒక్క లైను రాసి ఉంటే రెప్పపాటులో అయ్యేది. నల్ (ఖాళీ విలువ) ఒప్పుకునే కాలమ్‌ను చివర చేరిస్తే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఒక్క రికార్డునూ కదిలించదు, టేబుల్ వివరాల్లో ఒక ముక్క రాసుకుంటుందంతే. కాలమ్ చివర ఉంటే వచ్చే నష్టమేమీ లేదు. సెలెక్ట్‌లో పేర్లు రాసుకునేవాడికి వరసతో పనేముంది? నా కంటికి ఇంపుగా ఉండాలని నలభై నిమిషాలు పని ఆపించాను.

ఇందులో టూల్‌ని అనడానికేం లేదు. అదే డిజైనర్‌లో జనరేట్ చేంజ్ స్క్రిప్ట్ అని బటన్ ఉంది. ఒక్కసారి నొక్కి చదివి ఉంటే టీఎంపీ అన్న లైను దగ్గరే ఆగిపోయేవాణ్ని. అప్పటినుంచి, సింటాక్స్ గుర్తులేనప్పుడు టూల్‌లోనే క్లిక్ చేస్తాను గానీ అప్లై నొక్కను. అది చూపించే స్క్రిప్టు కాపీ చేసుకుని, లైను లైనూ చదివి, అక్కర్లేనివి కొట్టేసి, 001, 002 అని నంబరు వేసి గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే టూల్) పెట్టి, ఆ ఫైలునే రన్ చేస్తాను.

మీ ప్రశ్నలో నాకు నిజంగా భయం వేసిన వాక్యం వేరే ఉంది. ఎన్ని మార్పులు చేశానో చెప్పలేను అన్నారు. మీరు పంపిన స్క్రిప్టు డయాగ్రామ్‌లోంచి వచ్చింది. మార్పులు చేసింది సర్వర్ మీద. అంటే మీ లీడ్ దగ్గరున్న ఫైలూ, మీ మెషీన్లో నడుస్తున్న డేటాబేసూ ఒకటి కావు. మైఎస్‌క్యూఎల్ డంప్‌ను నో డేటా ఆప్షన్‌తో రన్ చేస్తే రికార్డులు లేకుండా టేబుళ్ల నిర్మాణం మాత్రమే వస్తుంది. దాన్నీ, మీరు పంపిన ఫైలునూ పక్కపక్కన పెట్టి తేడాలు చూడండి. చేత్తో రాయడం ఆ తర్వాత.

జవాబు 2

పైన రాసినాయనతో సగమే ఒప్పుకుంటాను. స్క్రిప్టు వల్ల కొంపలు అంటుకున్న కథ నా దగ్గరుంది.

ఆయన చెప్పిన మైఎస్‌క్యూఎల్ డంప్ ఉంది చూశారా, దాంతోనే. అది తీసే ఫైల్లో ప్రతి క్రియేట్ టేబుల్‌కీ ముందు డ్రాప్ టేబుల్ ఇఫ్ ఎగ్జిస్ట్స్ అని దానంతటదే ఉంటుంది. వద్దనుకుంటే స్కిప్ యాడ్ డ్రాప్ టేబుల్ అని ప్రత్యేకంగా చెప్పాలి. నాకది తెలియదు. ప్రొడక్షన్ నుంచి నిర్మాణం మాత్రం తీసి, టెస్ట్‌లో రన్ చేద్దామని కూర్చున్నాను. రెండు టెర్మినళ్లు తెరిచి ఉన్నాయి, రెండూ నల్లగా ఒక్కలాగే ఉన్నాయి. ఎందులో రన్ చేశానో మీకు అర్థమయ్యే ఉంటుంది. టేబుళ్లన్నీ ఉన్నాయి, అందంగా, ఒక్క రికార్డు కూడా లేకుండా. రాత్రి తీసిన బ్యాకప్ ఉంది గనక బతికాం. ఆ రోజు పొద్దున్నించి ఎక్కించిన డేటా మాత్రం కాగితాలు చూసి మళ్లీ కొట్టుకున్నాం. గ్రాఫికల్ టూల్‌లో ఒక టేబుల్ డ్రాప్ చేయాలన్నా నిజంగానా అని అడుగుతుంది. స్క్రిప్టు 30 టేబుళ్లను మారు మాట లేకుండా డ్రాప్ చేస్తుంది. డీబీవర్ లాంటి గ్రాఫికల్ టూళ్లలో ప్రొడక్షన్ కనెక్షన్‌కి ఎర్ర రంగు పెట్టుకోవచ్చు. ఇప్పుడు అది లేకుండా నేను పని చేయను.

పేర్ల విషయం కూడా. చేత్తో రాసేవాళ్లు, నాతో సహా, డిఫాల్ట్ విలువకి (మనం ఏమీ ఇవ్వకపోతే పడేది) కన్‌స్ట్రెయింట్ పేరు, అంటే ఆ నియమానికి ఒక పేరు, రాయడానికి బద్ధకిస్తారు. అప్పుడు ఎస్‌క్యూఎల్ సర్వర్ డీఎఫ్ అని మొదలుపెట్టి, చివర ఏవో అంకెలూ అక్షరాలూ తగిలించి తనే పేరు పెడుతుంది. టెస్ట్‌లో ఒక పేరు, ప్రొడక్షన్‌లో ఇంకో పేరు. కాలమ్ తీయాలంటే ముందు దాని డిఫాల్ట్‌ని పేరు పెట్టి తీయాలి, కాబట్టి ఆర్నెల్ల తర్వాత ఆ కాలమ్ తీసేయడానికి స్క్రిప్టు రాస్తే టెస్ట్‌లో పనిచేసి ప్రొడక్షన్‌లో చచ్చిపోతుంది. అదే డిజైనర్ అయితే టేబుల్ పేరూ కాలమ్ పేరూ కలిపి శుభ్రంగా పెడుతుంది. టేబుల్‌కి పేరు పెట్టకముందే డిఫాల్ట్ ఇస్తే మాత్రం డీఎఫ్ టేబుల్ 1 అని పడిపోతుంది, అది వేరే తమాషా. ఎక్కడైనా ఆ పేరు చూస్తే వార్‌చార్ 45 చూసినంత నవ్వొస్తుంది నాకు.

ప్రశ్న అడిగినవారికి ఒక మాట. ఆ డయాగ్రామ్ వృథా కాదు. 14 టేబుళ్లని ఒక్క చూపులో చూడటం ఏ స్క్రిప్టు వల్లా కాదు. ఏ గీతా తగలకుండా మూలన పడి ఉన్న టేబుల్‌ని డయాగ్రామ్‌లో అయితే ఎవరైనా పట్టుకుంటారు. స్క్రిప్టులో 400వ లైను దగ్గర దాన్ని ఎవరు చూస్తారు?

జవాబు 3

నేను పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ వైపు నుంచి చిన్న ముక్క. దాని గ్రాఫికల్ టూల్ పీజీఅడ్మిన్‌లో టేబుల్ తయారుచేసే డైలాగ్‌లో చివర ఎస్‌క్యూఎల్ అని ట్యాబ్ ఉంటుంది. సేవ్ నొక్కేముందు అది చూడండి. పేర్లు పెద్ద అక్షరంతో మొదలుపెట్టి కొడితే ఆ ట్యాబ్‌లో పేరు చుట్టూ డబుల్ కోట్లు (" " గుర్తులు) కనిపిస్తాయి. ఆ కోట్లు ఇక జన్మంతా మిమ్మల్ని వదలవు. కోట్లు లేకుండా రాసిన పేర్లన్నిటినీ పోస్ట్‌గ్రెస్ చిన్న అక్షరాలుగా చదువుకుంటుంది కాబట్టి, కోట్లు మరిచిన ప్రతిసారీ అలాంటి టేబులే లేదంటుంది. మా పాత ప్రాజెక్టులో ఒకాయన డైలాగ్‌లో ముచ్చటగా మెంబర్స్ అని పెద్ద ఎమ్‌తో కొట్టి వెళ్లిపోయారు. మూడేళ్లు కోట్లు పెట్టుకుంటూ బతికాం.

చేత్తో రాసే స్క్రిప్టుకి పోస్ట్‌గ్రెస్‌లో ఇంకో సుఖం ఉంది. బిగిన్ అని మొదలుపెట్టి పది టేబుళ్లు తయారుచేసి, ఎనిమిదో దగ్గర తప్పు జరిగితే రోల్‌బ్యాక్ అంటే చాలు, ఏమీ జరగనట్టే ఉంటుంది. మైఎస్‌క్యూఎల్, మరియాడీబీల్లో అది కుదరదు. ప్రతి క్రియేట్ టేబుల్ తనంతట తనే కమిట్ అయిపోతుంది, అంటే వెనక్కి తీయలేకుండా ఖాయమైపోతుంది. మీది మరియాడీబీ అన్నారు కాబట్టి ఎనిమిదో దగ్గర ఆగితే మొదటి ఏడూ అక్కడే ఉంటాయని గుర్తుంచుకోండి. అలాగని అన్నిటికీ ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్ తగిలించేయకండి. ఆ పేరుతో పాత టేబుల్ ఉంటే దాని కాలమ్‌లు వేరేగా ఉన్నా అది పట్టించుకోదు, వదిలేసి ముందుకెళ్తుంది.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ థాంక్స్ అండీ. శుక్రవారం గడిచింది, ఏం జరిగిందో చెప్పాలి కదా.

వార్‌చార్ కాలమ్‌లు 31 ఉంటే అందులో 26 సరిగ్గా 45. పుస్తకం పేరూ 45యే. మా దగ్గరున్న నమూనా లిస్టులో 45 దాటిన పేర్లు మొదటి పేజీలోనే నాలుగున్నాయి. నిండు గీత సంగతి కూడా మీరు చూసినట్టే చెప్పారు. పుస్తకాలు ఇచ్చే టేబుల్‌కి ప్రైమరీ కీ మూడు కాలమ్‌లు. దాని నుంచి జరిమానాల టేబుల్‌కి మళ్లీ నిండు గీతే లాగాను కాబట్టి అక్కడ నాలుగు. ఇన్నాళ్లూ ఆ టేబుల్‌లో అన్ని ఐడీలెందుకున్నాయో నాకే అనుమానంగా ఉండేది, టూల్ పెట్టింది కదా అవసరమే అయ్యుంటుందనుకున్నాను.

డంప్ తీసి పోల్చితే తేడాలు ఏడు. అందులో ఒకటి చూశాక చెమటలు పట్టాయి. కాపీల టేబుల్‌లో బార్‌కోడ్ మీద యూనిక్ ఇండెక్స్ నేను క్లిక్ చేసి పెట్టినది, సర్వర్ మీద ఉంది, లీడ్‌కి పంపిన ఫైల్లో లేదు. ఆ ఫైలుతోనే లైవ్‌కి వెళ్లి ఉంటే రెండు కాపీలకి ఒకే బార్‌కోడ్ పడినా ఎవరూ ఆపేవాళ్లు కాదు.

తర్వాత చేత్తో రాశాను. ఒకటిన్నర రోజు పట్టింది, మొదటి మూడు టేబుళ్లకే సగం రోజు. తిరిగివ్వాల్సిన తేదీ అనే కాలమ్ దగ్గరకొచ్చి నాట్ నల్ రాయబోయి ఆగాను. తేదీ లేకుండా పుస్తకం బయటికి వెళ్తుందా? లీడ్‌ని అడిగితే ఆయనకీ తెలియలేదు. అప్లికేషన్ వాడబోయేవాళ్లకి ఫోన్ చేశాం. బైండింగ్‌కి పంపే పుస్తకాలకి తేదీ ఉండదన్నారు. అసలు బైండింగ్ అనేది మా డిజైన్‌లోనే లేదు! ఇప్పుడు అదో పెద్ద చర్చ నడుస్తోంది, దాంతో గడువు వచ్చే బుధవారానికి జరిగింది.

ఒక సందేహం మిగిలింది. నా ఫైలు టెస్ట్‌లో రన్ చేస్తే తొమ్మిది టేబుళ్లయ్యాక ఎర్రర్ నంబర్ 150 అని ఆగింది. జరిమానాల టేబుల్‌ని, పుస్తకాలు ఇచ్చే టేబుల్ కన్నా ముందు రాసేశాను, దాని ఫారిన్ కీ చూపించే టేబుల్ అప్పటికి లేదన్నమాట. వరస సరిచేశాను. కానీ ఆ తొమ్మిదీ అక్కడే ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా తీసేయాలా, లేక మిగతా అయిదే రన్ చేయనా?

జవాబు 1 రాసినవారి నుంచి

రెండూ వద్దు. కనెక్ట్ అయ్యింది టెస్ట్‌కేనని సెలెక్ట్ అట్ అట్ హోస్ట్‌నేమ్ (SELECT @@hostname) కొట్టి సర్వర్ పేరు కళ్లారా చూసుకోండి. పైన రెండో జవాబాయన రెండు నల్ల టెర్మినళ్లు గుర్తున్నాయిగా. చూసుకున్నాక టెస్ట్ డేటాబేస్ మొత్తం డ్రాప్ చేసి, ఖాళీది తయారుచేసి, మీ ఫైలు మొదటి లైను నుంచి రన్ చేయండి. మధ్యలో చెయ్యి పెట్టకుండా 14 టేబుళ్లూ రావాలి. రాకపోతే ఫైలు సరిచేసి మళ్లీ డ్రాప్, మళ్లీ రన్. నేనైతే మూడు నాలుగు సార్లకి గానీ శుభ్రంగా రప్పించలేను.

వచ్చాక ఆ ఫైలుకి 001 అని పేరుపెట్టి గిట్‌లో కమిట్ చేసేయండి. లైవ్‌కి వెళ్లాక దాన్ని ముట్టకండి. బైండింగ్ చర్చ తేలడానికి బుధవారం దాటితే ఆ మార్పు 002లో ఆల్టర్ టేబుల్‌గా వెళ్లాలి. పోనుపోను ఫైళ్లు పెరిగి, ఏ సర్వర్‌లో ఎంతవరకు రన్ అయ్యాయో లెక్క తప్పుతుంటే ఫ్లైవే గానీ లిక్విబేస్ గానీ పెట్టుకోండి. ఏ ఫైలు రన్ అయిందో అవి డేటాబేస్‌లోనే ఒక టేబుల్‌లో రాసుకుంటాయి. రెండు ఫైళ్లకి అవన్నీ అక్కర్లేదు.

సీటు పక్కన అంటించిన ప్రింటు తీసేయండి, అది ఇప్పుడు అబద్ధం చెబుతోంది. సరిచేసిన ఫైలుని మీ మెషీన్లో కొత్త డేటాబేస్‌గా రన్ చేసి, వర్క్‌బెంచ్‌లో రివర్స్ ఇంజనీర్ నొక్కండి. కొత్త డయాగ్రామ్ అదే గీసిస్తుంది. జరిమానాల టేబుల్‌కి వచ్చే గీత ఈసారి చుక్కలదో నిండుదో చూసి చెప్పండి.